'మొర్గె సహర్' రాసిన పండితుడు: బహార్ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు వినిపిస్తోంది?

క్లుప్తంగా: ఇరాన్‌లో జనం గుమిగూడినప్పుడల్లా వినిపించే 'మొర్గె సహర్' పాట రాసింది మొహమ్మద్ తఖీ బహార్ (1886–1951). ఫారసీ కవిత్వాన్ని ఖొరాసానీ, ఇరాకీ, హిందీ శైలులుగా విడగొట్టి చదివే పద్ధతిని స్థిరపరిచిందీ ఆయనే. పాట పాడేవాళ్లలో చాలామందికి ఆ పండితుడు గుర్తుండడు. శైలుల లెక్క నేర్చుకునేవాళ్లు ఆ పాటను సిలబస్‌లో చూడరు. ఈ రెండో పని ప్రభావం గోల్కొండలో పుట్టిన ఫారసీ సాహిత్యం మీదా పడింది.

ఒక పాట, మూడు ప్రభుత్వాలు

2020 అక్టోబర్ 8న గాయకుడు మొహమ్మద్ రెజా షజరియాన్ టెహ్రాన్‌లో చనిపోయారు. ఆ రాత్రి ఆసుపత్రి బయట చేరిన జనం ఆయన కచేరీల చివర పాడే 'మొర్గె సహర్'ను గొంతు కలిపి పాడారు. ఆ వీడియోలు ప్రపంచమంతా తిరిగాయి. వాటి కింద ఒకే ప్రశ్న చాలాసార్లు కనిపించింది: ఈ పాట ఇప్పటి ప్రభుత్వం మీద రాసిందా, షా మీద రాసిందా?

రాసింది 1920లలో. అప్పుడు అధికారం రెజా షా చేతిలోకి వచ్చింది. బాణీ మొర్తెజా నేదావూద్‌ది, మాహూర్ 'దస్తగాహ్'లో కట్టింది (దస్తగాహ్ అంటే మన లెక్కలో రాగాల కుటుంబం లాంటిది). పేరుకు అర్థం 'వేకువ పిట్ట'. హైదరాబాద్ హోటల్ మెనూలో 'ముర్గ్' అంటే కోడి మాత్రమే కానీ, ఫారసీలో ఆ మాట పిట్టలన్నింటికీ చెల్లుతుంది. 'సహర్' అంటే రంజాన్ నెలలో తెల్లవారకముందే తినే సహర్‌లోని సహరే.

పాటలో రాజు పేరు లేదు, ఊరు పేరు లేదు, తేదీ లేదు. వేకువ పిట్టా, ఏడువు, నా గాయాన్ని మళ్లీ రేపు అని మొదలవుతుంది. దుర్మార్గుడి దౌర్జన్యం, వేటగాడి క్రూరత్వం కలిసి నా గూటిని గాలికి వదిలేశాయి అంటుంది. చివరకు దేవుడినీ, ఆకాశాన్నీ, ప్రకృతినీ ఒకే వరసలో పిలిచి, మా చీకటి రాత్రిని తెల్లవార్చమని అడుగుతుంది. వేటగాడు, గూడు, పంజరం ఫారసీ గజళ్లలో వందల ఏళ్లుగా నలిగిన మాటలే. సెన్సారు అధికారి ముందు పెడితే ఇది ప్రేమ పాటే అని దబాయించవచ్చు. వినేవాడికి మాత్రం వేటగాడెవరో చెప్పనక్కర్లేదు. పాట ఇన్నాళ్లు బతకడానికి అసలు కారణం ఈ ఏర్పాటే. ప్రభుత్వం మారినప్పుడల్లా వేటగాడి స్థానం ఖాళీ అవుతుంది, వినేవాళ్లు కొత్త పేరుతో దాన్ని నింపుకుంటారు.

ఇలా చూస్తే పాట రెండో చరణం ఎందుకు అరుదుగా వినిపిస్తుందో కూడా తెలుస్తుంది. అక్కడ బహార్ ముసుగు తీసేశాడు. భూస్వామి జులుం, దొర దౌర్జన్యం, దిక్కుతోచని రైతు నేరుగా వచ్చేస్తారు. ఉన్నవాళ్ల గిన్నె నిండా స్వచ్ఛమైన మద్యం, మా గిన్నె నిండా గుండె నెత్తురు అంటాడు. ఎవరిని అంటున్నాడో ఇంత స్పష్టంగా తెలిశాక ప్రేమ పాట అని తప్పించుకునే వీలు పోయింది. పాటలో ఎక్కువ కాలం నడిచింది ముసుగున్న సగమే.

నాలుగు మాటల పరీక్ష

బహార్ ఈశాన్య ఇరాన్‌లోని మష్హద్‌లో పుట్టాడు. తండ్రి సబూరీ అక్కడి ఇమామ్ రెజా దర్గాకు ఆస్థాన కవి. 1904లో తండ్రి పోయేసరికి కొడుక్కి పద్దెనిమిదేళ్లు. 'మలెకొ షొఅరా', అంటే కవిరాజు అన్న బిరుదు మొజఫ్ఫరుద్దీన్ షా ఫర్మానాతో ఆ కుర్రాడికే వచ్చింది. ఊళ్లోని పెద్ద కవులకు ఇది మింగుడుపడలేదు. ఈ పద్యాలు వీడివి కావు, తండ్రి రాసిపెట్టినవో, ఎవరో పాత కవివో అయి ఉంటాయని అనుమానించారు.

అందుకే సభలో అందరి ముందూ పరీక్ష పెట్టారు. ఒకదానితో ఒకటి పొసగని నాలుగు మాటలు ఇచ్చి అప్పటికప్పుడు రుబాయీ (నాలుగు పాదాల పద్యం) చెప్పమన్నారు. అవధానంలో దత్తపది చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఒకసారి ఇచ్చిన మాటలు: జపమాల, దీపం, ఉప్పు, చినార్ చెట్టు. కుర్రాడు చెప్పిన పద్యం భావం ఇది: అంగీతో, జపమాలతో నన్ను చూసి ప్రియురాలు అంది కదా, ఈ భక్తి దీపానికి వెలుగు రాదు; ఉప్పు గనిలో తేనెను ఎవరూ చూడలేదు; చినార్ కొమ్మన పండు కోసినవాడూ లేడు.

నాలుగు మాటలూ నాలుగు పాదాల్లో సర్దుకున్నాయి. అంతకన్నా ముఖ్యమైన విషయం, పద్యం దొంగ భక్తి మీద వెక్కిరింతగా తేలింది. పాత సామగ్రిని చేతిలో పెడితే దానితో ఇప్పటి మాట చెప్పడం బహార్‌కు జీవితాంతం నిలిచిన అలవాటు. అది ఈ పరీక్షనాటికే పట్టుబడింది.

పత్రిక, మజ్లిస్, జైలు

దర్గా కవి పని నిజానికి పండగలకూ పబ్బాలకూ స్తుతి పద్యాలు చదవడమే. 1906లో వచ్చిన రాజ్యాంగ ఉద్యమం ఆ పనిని తలకిందులు చేసింది. 1908 జూన్‌లో మొహమ్మద్ అలీ షా పార్లమెంటు భవనం మీద ఫిరంగులు పేల్పించాక బహార్ 'ముస్తజాద్' అనే రూపంలో పద్యం రాశాడు. ఇందులో ప్రతి పాదం వెనకా ఒక పొట్టి తోక ఉంటుంది. ఇరాన్ షాతో స్వేచ్ఛ గురించి మాట్లాడ్డం తప్పు అని పెద్ద పాదం అంటే, 'ఇరాన్‌కు ఇక దేవుడే దిక్కు' అని తోక అంటుంది. గుంపుగా పలకడానికి ఈ తోక బాగా కుదురుతుంది. నినాదాన్ని ఛందస్సులో ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలుసు.

1910లో మష్హద్‌లో 'నౌబహార్' పత్రిక పెట్టాడు. రష్యన్ల జోక్యాన్ని ఎండగట్టడంతో వాళ్ల ఒత్తిడి మీద అది మూతపడింది. తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే మజ్లిస్ (పార్లమెంటు) సభ్యుడయ్యాడు. రెజా ఖాన్ (తర్వాత రెజా షా అయింది ఈయనే) అధికారం కూడగట్టుకుంటున్న రోజుల్లో మత పండితుడైన సభ్యుడు మొదర్రెస్‌తో కలిసి, ఆయన్ని వ్యతిరేకించిన మైనారిటీ సభ్యుల పక్షాన నిలిచాడు. 1925 అక్టోబర్ చివర, అప్పటి రాజవంశం ఖాజార్‌లను దించే ఓటింగు దగ్గరపడ్డప్పుడు, మజ్లిస్ దగ్గర హంతకులు కాపు కాశారు. బహార్ అనుకుని వాళ్లు చంపింది ఖజ్వీన్ నుంచి వచ్చిన ఒక పత్రికా సంపాదకుడిని. ఆయన రూపురేఖలు బహార్‌ను పోలి ఉండటమే కారణం.

తర్వాత రెండుసార్లు జైలు, 1933లో ఇస్ఫహాన్‌కు ప్రవాసం. అక్కడి నుంచి బయటపడటానికి బహార్ రెజా షాను పొగుడుతూ ఖసీదాలు (ఒకే ప్రాసతో సాగే పొడవైన పద్యాలు) కూడా రాశాడు. అభిమానులు వీటిని దాటేస్తారు, విరోధులు వీటినే పట్టుకుంటారు. ఆస్థాన కవిత్వం చేతిపనిగా నేర్చినవాడు ఆ పనిముట్టును ప్రాణం మీదికి వచ్చినప్పుడు బయటికి తీశాడన్నది ఈ రెండు వర్గాలూ పెద్దగా పట్టించుకోని సంగతి. 1934లో 'షాహ్‌నామా' మహాకావ్యం రాసిన ఫిరదౌసి వెయ్యేళ్ల ఉత్సవాలకు ప్రభుత్వానికి ఆయన కావలసి వచ్చాడు. వెనక్కి రప్పించారు. రాజకీయం తలుపు మూసుకుంది, టెహ్రాన్ విశ్వవిద్యాలయం తలుపు తెరుచుకుంది. పండితుడు బహార్ చాలావరకు ఈ నిషేధం ఫలితమే.

దమావంద్: పది అక్షరాల కొలతలో అగ్నిపర్వతం

ఆయన పద్యాల్లో ఇరాన్ బడిపిల్లలకు బాగా తెలిసినది 1922లో రాసిన దమావంద్ ఖసీదా. 5,600 మీటర్లు దాటిన ఆ అగ్నిపర్వతం టెహ్రాన్‌కు ఈశాన్యాన ఉంటుంది. తొలి పాదం ఇలా నడుస్తుంది: 'ఏయ్ దీవె సెపీదె పాయ్ దర్ బంద్'. కాళ్లకు సంకెళ్లు పడ్డ తెల్ల రాక్షసుడా, అని అర్థం. ఫారసీ ఛందస్సూ గురు లఘువుల లెక్కే. పాదానికి పది అక్షరాల స్థానాలు, ప్రతి ద్విపద చివరా 'అంద్' ప్రాస.

ఆ ఒక్క పాదంలో షాహ్‌నామాలోని రెండు కథలు కలిసిపోయాయి. రొస్తమ్ చంపిన తెల్ల రాక్షసుడు ఒకడు. దమావంద్‌లో గొలుసులతో బంధించిన నిరంకుశ రాజు జహ్హాక్ ఇంకొకడు. మంచు కప్పిన కొండ తెల్లగా ఉంటుంది కాబట్టి మొదటి పోలిక కుదిరింది, కొండ కదలదు కాబట్టి రెండోది.

అక్కడి నుంచి పద్యం కొండకు పోలికలు వెతుకుతూ పోతుంది. తలకు వెండి శిరస్త్రాణం, నడుముకు ఇనుప పటకా. నువ్వు భూమి ఎత్తిన పిడికిలివి, రయ్ పట్నం మీద నాలుగు దెబ్బలు వెయ్యి అంటాడు. (టెహ్రాన్‌కు ఆనుకుని ఉన్న పాత నగరం రయ్, అంటున్నది రాజధానినే.) వెంటనే కవి తన మాటను తానే కొట్టేస్తాడు: కాదు కాదు, నువ్వు పిడికిలివి కాదు, నేనన్న మాట నాకే నచ్చలేదు. నువ్వు గడ్డకట్టిన భూమి గుండెవి. నొప్పితో వాచిపోయావు. ఆ వాపు తగ్గడానికి పైన కర్పూరం పట్టు వేశారు.

ఆ కర్పూరం మంచే. పాత వైద్యంలో చలవ చేసే మందు అది. కొండ తెలుపు మొదట్లో ఆభరణం, ఇప్పుడు నొప్పిని అణచిపెట్టే పట్టీ. పేలిపో, ఆ నిప్పును లోపల దాచుకోకు అని తర్వాతి ద్విపద అడుగుతుంది. కవి మాట మార్చుకున్నట్టు నటించిన ఆ ఒక్క మలుపులో వర్ణన కాస్తా రాజకీయ పిలుపైంది. కొలత వెయ్యేళ్ల నాటిది, పనిముట్లన్నీ ఖొరాసాన్ (మష్హద్ ఉన్న ప్రాంతం) పాత కవులవి. 1922 నాటి రాజధాని మీది కసి మాత్రం కొత్తది.

మరమ్మతు చేయాలా, పడగొట్టాలా?

పాత కొలతల్లో కొత్త మాట చెబితే సరిపోతుందా అన్న విషయం మీద 1918 ప్రాంతంలో పెద్ద గొడవ నడిచింది. బహార్ టెహ్రాన్‌లో 'దానెష్కదే' అనే సంఘాన్నీ పత్రికనూ నడిపాడు. పూర్వకవులు కట్టిన భవనానికి గొడ్డలి పెట్టం, దాన్ని మరమ్మతు చేసుకుంటూ పక్కన కొత్త కట్టడాలు లేపుతాం అన్నది వాళ్ల ప్రకటన సారాంశం. తబ్రీజ్‌లో కొత్త కవిత్వం కోరిన తఖీ రఫ్అత్ దీన్ని ఒప్పుకోలేదు. ఇది సగం తిరుగుబాటు అన్నాడు. చరిత్రలో గెలుపు చివరకు మూడో మనిషికి దక్కింది. నీమా యూషీజ్ 1930ల చివరికి పాదాల పొడవును సమానంగా ఉంచాలన్న నియమాన్నే వదిలేశాడు, ఆధునిక ఫారసీ కవిత్వం చాలావరకు ఆ దారినే పట్టింది.

అందుకే బహార్‌ను 'చివరి పెద్ద ఖసీదా కవి' అంటూ ఒక అరలో పెట్టేస్తారు. అది నిజమే కానీ సగం నిజం. 1946లో టెహ్రాన్‌లో జరిగిన తొలి ఇరాన్ రచయితల మహాసభకు అధ్యక్షుడు బహార్. నీమా తన పద్యాలు చదివిన వేదిక అదే. ఆ ఏడాది కొన్ని నెలలు విద్యామంత్రిగానూ ఉన్నాడు. తర్వాత క్షయ ముదిరి స్విట్జర్లాండ్ వెళ్లాడు. తిరిగొచ్చాక రాసిన చివరి పెద్ద ఖసీదా 'యుద్ధపు గుడ్లగూబ'. పదకొండో శతాబ్దపు మనూచెహ్రీ పద్యం ఒకదాని ప్రాసనూ నడకనూ తీసుకుని, అణుబాంబు పడిన తర్వాతి లోకంలో శాంతి ఉద్యమం కోసం రాసిన పద్యం అది.

శైలిని లెక్కపెట్టడం

యూనివర్సిటీలో బహార్ చేసిన పనికి 'సబ్క్ షెనాసీ' అని పేరు, అంటే శైలి శాస్త్రం. అదే పేరుతో ఆయన మూడు సంపుటాల పుస్తకం 1940లలో వచ్చింది. 'సబ్క్' అరబ్బీ మాట. లోహాన్ని కరిగించి మూసలో పోయడం అని మూలార్థం.

అంతకుముందు పాత పద్ధతి పండితుడు ఒక రచనను మెచ్చుకోవాలంటే తియ్యగా ఉంది, గంభీరంగా ఉంది అనేవాడు. బహార్ చిన్న మాటల వెంట పడ్డాడు. ఉదాహరణకు పాత వచనంలో 'లోపల' అనడానికి 'అందర్' ఎక్కువ. మన దగ్గర ఉర్దూలో ఇప్పటికీ వినిపించే అందరే అది. కాలం గడిచేకొద్దీ ఫారసీలో అది 'దర్'గా కుదించుకుపోయింది. క్రియ ముందు వచ్చే 'హమీ' కాస్తా 'మీ' అయింది. అరబ్బీ మాటల పాళ్లు పెరిగాయి. ఇలాంటి గుర్తులు కొన్ని కలిపి చూస్తే, తేదీ లేని రాతప్రతికి కూడా సుమారు కాలం చెప్పవచ్చు.

ఆయన పరిష్కరించిన 'తారీఖె సీస్తాన్'లో ఇది పనిచేసిన తీరు కనిపిస్తుంది. రచయిత పేరు లేని ఆ చరిత్ర గ్రంథం ఒక చోటి దాకా ఒక భాషలో, అక్కడి నుంచి ఇంకో భాషలో నడుస్తుందని బహార్ గమనించాడు. మొదటి భాగం పదకొండో శతాబ్దానిది, మిగతాది తర్వాత ఎప్పుడో వేరే చేతులు అతికించినది అని తేల్చాడు. వస్త్రం మీద అతుకును నేత చూసి పట్టుకున్నట్టే ఇది. పూర్వకవుల పద్ధతిలో పద్యాలు చెప్పడం చిన్నప్పటి నుంచి అలవాటైనవాడు కాబట్టి, ఏ కాలం వాక్యం ఎలా ఊపిరి తీస్తుందో ఆయనకు చెవికే తెలిసేది.

'హిందీ శైలి' అన్న పేరు చేసిన పని

ఈ లెక్కలోంచే నేటికీ పరీక్షల్లో అడిగే వరస స్థిరపడింది. మొదట ఖొరాసానీ: రూదకీ, ఫిరదౌసి కాలం. తర్వాత ఇరాకీ: సాదీ, హాఫిజ్. (ఇక్కడ చాలామంది పొరబడతారు. ఇది ఇప్పటి ఇరాక్ దేశం కాదు, ఇస్ఫహాన్, హమదాన్ ఉన్న నడిమి ఇరాన్‌కు పాత పేరు.) పదహారో శతాబ్దం నుంచి హిందీ: సాయెబ్, బేదిల్. పద్దెనిమిదో శతాబ్దం నడుమ నుంచి 'బాజ్‌గష్త్', అంటే వెనక్కి మళ్లడం.

వెనక్కి అంటే దేని నుంచి? హిందీ శైలి నుంచే. ఇస్ఫహాన్ కవులు కొందరు అది దారి తప్పిన కవిత్వమని తీర్మానించి పాత ఖొరాసాన్ కవులను అనుకరించడం మొదలుపెట్టారు. మష్హద్ దర్గా కవి కొడుకుగా బహార్ పెరిగింది ఆ బడిలోనే. ఆయన పద్యంలోనే తీర్పు ఉంది: హిందీ శైలి కొత్త శైలే కానీ దాని బలహీనతకు అంతులేదు, ఊహలు వింతవి, విషయం మెండు, మనసు దోచదు. కవిగా ఇది ఆయన అభిరుచి. శాస్త్రవేత్తగా వేసిన పట్టికలో అదే అభిరుచి ఎదుగుదల, క్షీణత, మళ్లీ కోలుకోవడం అనే చరిత్రగా కూర్చుంది. అభిరుచితో వాదించవచ్చు, సిలబస్‌తో వాదించడం కష్టం. పేరులో ఊరు ఉండటం వల్ల ఇంకో అర్థం కూడా తోడైంది: చెడింది బయట, బాగుపడింది ఇంట్లో.

నిజానికి ఆ శైలిలో రాసినవాళ్లు చాలామంది ఇరాన్‌లో పుట్టినవాళ్లే. సాయెబ్ కొన్నేళ్లు భారత్‌లో గడిపి ఇస్ఫహాన్‌కు తిరిగి వెళ్లాడు. ఆ శైలి గట్టిదనం ద్విపద నిర్మాణంలో ఉంది. మొదటి పాదం ఒక సాధారణ సత్యం చెబుతుంది, రెండో పాదం ఇంట్లోనో వీధిలోనో కనిపించే వస్తువును దానికి సాక్ష్యంగా తెస్తుంది. మన అలంకారశాస్త్రం దీన్ని దృష్టాంతం అంటుంది. వేమన పద్యాలు నోటికి వచ్చినవాళ్లకు ఇందులో వింత ఏమీ తోచదు.

ఈ పట్టికలో 'బయట' అన్న చోటే గోల్కొండ కూడా ఉంది. హైదరాబాద్ నగర నిర్మాణంలో పెద్ద చెయ్యి ఉన్న పీష్వా (ప్రధానమంత్రి) మీర్ మోమిన్ ఆస్తరాబాద్ నుంచి వచ్చిన ఇరానీ, ఫారసీ కవి కూడా. 1650ల మొదట్లో అబ్దుల్లా కుతుబ్ షాకు అంకితమైన 'బుర్హానె ఖాతె' నిఘంటువు చాలా కాలం ఫారసీ పదాలకు పెద్ద దిక్కు. 1862లో గాలిబ్ దాని తప్పుల మీద ఏకంగా పుస్తకమే రాశాడు. అయినా 1950లలో టెహ్రాన్ పండితుడు మొహమ్మద్ మొయీన్ దాన్ని శ్రద్ధగా పరిష్కరించి అచ్చు వేశాడు. హైదరాబాద్ రాజ్యంలో 1880ల దాకా పాలనా భాష ఫారసీయే. గుమాస్తా, దస్తావేజు, సర్కారు తెలుగులో మిగిలింది ఆ చరిత్ర వల్లే. అంటే నిఘంటువు కావలసినప్పుడు దక్కన్ పనికొచ్చింది, కవిత్వ చరిత్ర రాసినప్పుడు క్షీణత ఖాతాలో పడింది.

బహార్‌కు భారత్ మీద చిన్నచూపు ఉండి ఇలా చేశాడనడానికి ఆధారం లేదు. 1932లో ఠాగూర్ ఇరాన్ వెళ్లినప్పుడు ఆయన కోసం పద్యం రాశాడు. సృష్టి తొలిరోజున దేవుడు ఒక వీణ చేశాడని మొదలవుతుంది అది. ఇఖ్బాల్ రాసిన ఫారసీ కవిత్వాన్ని బహార్ మనసారా మెచ్చుకున్నాడు, ఈ శతాబ్దమే ఇఖ్బాల్‌ది అన్నాడు. ఆయనకు పడనిది ఒక పద్యం పోకడ. దేశం పేరు దానికి అంటుకుపోయింది.

ఈ తీర్పును తిరగదోడే పని తర్వాతి తరాల వంతైంది. మష్హద్‌లోనే చదువుకున్న కవి, పండితుడు షఫీయీ కద్కనీ 1980లలో బేదిల్ మీద రాసిన 'అద్దాల కవి'తో ఇరాన్‌లో ఆ కవిని కొత్తగా చదవడం మొదలైంది. కాబూల్‌లో బేదిల్‌ను చదవడం ఎప్పుడూ ఆగలేదు, అక్కడివాళ్లకు ఈ గొడవే ఆశ్చర్యం. 'హిందీ' అన్న మాట నచ్చనివాళ్లు 'ఇస్ఫహానీ శైలి' అనమన్నారు. వాళ్లూ మార్చింది ఊరి పేరునే. శైలికి ఊరి పేరు పెట్టే బహార్ పట్టిక అలాగే ఉంది.